నాగులేటియొడ్డున వీరుల బస

నల్లగొండ జిల్లాలోని పెద్దవూరనుండి దక్షిణముగాఁ బోవు బాట కృష్ణానదిని జేరును. తెలుఁగుమాటలకు మొదట వూకారము లేదని వైయాకరణులు శాసించిరి కావునఁ బెద్దయూరనుటయే సాధువు. ఐనను గ్రామనామములు వ్యాకరణమును గణించుట యరుదు. ఆ యేటి కావలియొడ్డు పల్నాడు. 1955లో శంకుస్థాపనము జరిగి 1967లో కాలువలకు నీరు వదలఁబడిన నాగార్జునసాగరము కృష్ణ రూపును మార్చినది. కాని మాచర్లను దాఁటి వచ్చు చంద్రవంక యెత్తిపోతలకడ దుమికి కృష్ణఁ గలియుటయు, కారెంపూడి నొరసికొని నాగులేరు ఆ మహానదికే పోవుటయు నేఁటికిని గాననగును. ఈ రెండు వాఁగుల సీమలో 12వ శతాబ్ది కడపటి పాదమున నొకయింటివారే రెండు సేనలై పోరిరి.

కథ పండితుల కెఱుకపడినదే. అనుగురాజు కొడుకులలో నలగాముఁడు గురిజాలను, సవతితమ్ముఁడు మలిదేవుఁడు మాచర్లను ఏలిరి. అటు నాయకురాలు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయఁడు. కోడిపందెమున నోడి మలిదేవునివారు ఏడేండ్లు వలస పోయిరి. గడువు తీఱిన వెనుక రాజ్యభాగము నడుగ రాయబారిగాఁ బోయిన అలరాజు విషప్రయోగమునఁ జచ్చెను. పిమ్మట కార్యమపూడికడ, అనఁగా నేఁటి కారెంపూడికడ, యుద్ధము జరిగెను. శ్రీనాథుఁడు దీనిని ద్విపదగా రచింపఁగా 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు పరిష్కరించి ప్రకటించిరి. నాఁటినుండియుఁ జర్చ తఱచుగా భారతముతోడి పోలికపైననే సాగుచున్నది: జూదమునకుఁ గోడిపందెము, అరణ్యవాసమునకు వలస, అభిమన్యునకు బాలచంద్రుఁడు. పోలిక సరియైనదే. కాని దానిలో నొకఁడు మఱుఁగుపడినాఁడు. వాఁడు పేరులేని బంటు. వాఁ డెచట బస చేసెను, ఏమి త్రాగెను, ఎవరిప్రక్కఁ గూర్చుండి తినెను?

మొదటి ప్రశ్నకు నాగులేరే సమాధానము. దండు నడచు త్రోవలో మజిలీలను గసవు, వంటచెఱకు, నీరు చూచి నిర్ణయింపవలయునని కౌటిల్యుఁడు చెప్పినాఁడు. భారతముననే ఉద్యోగపర్వమున శ్రీకృష్ణుఁడు పాండవసేనకు హిరణ్వతీనదీతీరమున శిబిరము వేయించినట్లున్నది. పల్నాటి వెలిబొలమున వానలు వెనుదీసినతరువాత నీరు నిలుచు తావులు కొన్నియే. వేలకొలఁది మనుష్యులు, గుఱ్ఱములు, ఎడ్లు దిగవలయునన్న నేటియొడ్డుదక్క వేఱుచో టుండదు. కావునఁ గార్యమపూడిని రణరంగముగాఁ జేసినది రాజుల పంతము మాత్రమే కాదు, ఆ నీరును.

ఏడేండ్ల వలసలో నీసేనకు నడచెడి ధాన్యపుఁగొట్టు మంద. పాలు, పెరుఁగు, ఎరువు, దున్నుట, బరువులు మోయుట అన్నియు దానివలననే. నాగమ్మ ప్రేరణమున మండాదికడ నామందపై దాడి జరిగిన కారణ మిదియే. దానిని కావ్యప్రసంగములలోఁ జిన్న యుపాఖ్యానముగా నెంచుట పొరపాటు. కత్తితోఁ జావని సేన యాఁకటఁ జచ్చును.

కారెంపూడిలో నేఁటికిని గార్తికామావాస్యనాఁ డారంభమై యైదుదినములు వీరారాధనము జరుగును. దినముల పేరులు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీనిలో మొదటిది రాజశబ్దమునకు సమాసమున వచ్చు రాచ యను రూపముతోఁ గూడినది, గావనఁగా బలి. అమావాస్య కడచినంతనే మార్గశిరము వచ్చును. దీర్ఘమైన దండయాత్రకు మార్గశిరమును కౌటిల్యుఁడు విధించినాఁడు: అప్పటికి శత్రువు ప్రాఁతధాన్యము తఱిగియుండును, క్రొత్తపంట యింకను గాదెఁ జేరియుండదు. యుద్ధ మానెలలోనే జరిగినదని దీనివలన సిద్ధింపదు. ఉత్సవకాలము దండుల కాలముతోఁ గలియుట మాత్రము గమనింపఁదగినది.

అంతకంటె వింతయైన దీదినముల క్రమము. కథలో మొదట కోడిపోరు, పిదప మందపోరు, ఆపైని రాయబారము. ఉత్సవమునం దిది సరిగాఁ దలక్రిందై, రాయబారము, మందపోరు, కోడిపోరుగా నడచును. పూజారుల సౌకర్యముకొఱ కేర్పడిన క్రమమని త్రోసివేయవచ్చును. కాని మఱియొకవిధముగను జూడవచ్చును. సంధిమాటలు సాగుచుండఁగా ఏటియొడ్డున నూరక కూర్చున్న బంటు తలఁపు వెనుకకే నడచును: నిన్నటి రాయబారము, దానికి మునుపటి మంద, అన్నిటికిని మొదలైన కోడి. అచ్చటికిఁ జేరిన పిమ్మటఁ దలఁచుకొనుటకు వెనుక నేమియు మిగులదు. మిగిలినది మఱునాఁటి కల్లిపాడు.

మందపోరునాఁడు చాపకూడు జరుగును. అన్నికులములవారును గలిసి భుజించు నీపద్ధతి బ్రహ్మనాయఁడు నెలకొల్పినదని ప్రసిద్ధి. సమాస మల్పమైనను జిక్కు గలది. సప్తమీతత్పురుష మన్నంత మాత్రమునఁ దీరదు. చాపమీఁదఁ గూర్చుండి తిను కూడా, చాపమీఁదఁ బోసిన కూడా? రెండర్థములును లోకమునఁ గలవు. కలియుట యను నర్థముగల కూడుధాతువునకును అన్నవాచియగు కూడునకును బంధుత్వము కల్పింప నుబలాటపడువారు కలరు; దానికిఁ బ్రమాణము లేదు. ఏయర్థము గొన్నను గంచము లేకుండుట యందు ధ్వనించును. ఎవరి కంచము వారిదైన కులభేద మచ్చటనే నిలుచును. ఒక్క చాప పఱచిన నిలువదు.

దీనిని సంఘసంస్కరణముగా మెచ్చుకొనుట వాడుక. మెచ్చుకొనఁదగినదే. కాని బసనుండి చూచిన నిది యవసరముగాఁ గూడఁ దోఁచును. పల్నాటి సేనలో మాలకులమునఁ బుట్టి బ్రహ్మనాయని పెంపుడుకొడుకైన కన్నమదాసు సేనాని. బాలచంద్రునితో నన్నదమ్ములవలె మెలఁగినవారు బ్రాహ్మణుఁడు, కంసాలి, కుమ్మరి, చాకలి, మంగలి మున్నగువారు. వీరికి వేఱువేఱు పొయ్యిలు పెట్టించిన సేన తెల్లవాఱునప్పటికి వంటలోనే యుండును. ఱేపు ప్రక్కన నిలిచి డాలడ్డము పట్టవలసినవానితో నేఁడు తిననొల్లనివాఁడు ఱేపు వానినెట్లు నమ్మును?

ఐనను సమత్వము చాపమీఁదనే యాఁగిపోయిన ఘట్ట మొకటి కలదు. బొంగరమాటలో నొకస్త్రీ యెత్తిపొడుపు విని, తల్లియైతాంబను, భార్యమాంచాలను జూచి బాలచంద్రుఁడు యుద్ధమునకు బయలుదేఱును. వెంటవచ్చు బ్రాహ్మణుఁడైన అనపోతు పోరునఁ జచ్చినచో బ్రహ్మహత్యాదోషము దాఁకునని, మఱచిన వస్తువును దెమ్మను నెపమున నాతని వెనుకకుఁ బంపుదురు. కుమ్మరిని, చాకలిని, మంగలిని ఎవ్వరును వెనుకకుఁ బంపలేదు. కూటికడ లేని భేదము చావుకడఁ దలయెత్తినది. అనపోతు దానిని మన్నింపక తన్నుఁదాను పొడుచుకొని చచ్చెను. ఈయాత్మహత్యను స్నేహమునకుఁ బరాకాష్ఠగా వర్ణించుట పరిపాటి. సహభోజనము చేసినవాఁడు సహమరణమునందలి తన పాలు నడిగినాఁ డనుట యింకను యుక్తము. బాలచంద్రుఁడు కార్యమపూడి చేరి, పెద్దలు కుదుర్చుచున్న సంధిని భంగపఱచుటకు మిత్రుని చావెంత దోహదమైనదో కావ్యము చదువువారు నిర్ణయించుకొనవచ్చును.

యుద్ధాంతమున వీరు లించుమించుగా నందఱును బడిరి. బ్రహ్మనాయఁడు రాజ్యమును నలగామునకే విడిచి గుత్తికొండ బిలమునఁ బ్రవేశించెనందురు. పడిన యోధునకు ఱాయి నిలుపుట యీలోయలోఁ గ్రొత్త కాదు. నాగార్జునకొండలో 3వ శతాబ్ది యిక్ష్వాకులనాఁటి ఛాయాస్తంభములు కలవు. కారెంపూడిలో మాత్రము ఱాతితోపాటు పాటయు నిలిచినది. దానిని బాడు విద్యావంతులు కన్నమదాసు కులమువారు. వారినోటఁ బలికిన కథను అమెరికాదేశపు పండితుఁడు జీన్ రోఘేర్ ఆంగ్లీకరించి 1982లో ఆక్స్‌ఫర్డునఁ బ్రకటించెను. తిరునాళ్లకు వీరుల వంశీయులు కొణతములని పిలువఁబడు నాయుధములను దూరదూరముల గ్రామములనుండి మోసికొని వచ్చి, నాగులేటిలోని గంగధారిమడుఁగున వానికి స్నానము చేయింతురు.