అయినవాళ్ల తీర్పు

న్యాయవాదుల తప్పులను న్యాయవాదులే విచారించే పద్ధతికి కాలిఫోర్నియా నేర్పిన పాఠం

2018 అక్టోబరులో లయన్ ఎయిర్ విమానం జావా సముద్రంలో కూలి 189 మంది చనిపోయారు. బాధిత కుటుంబాలు కొన్ని లాస్ ఏంజెలెస్‌లో పేరుమోసిన న్యాయవాది టామ్ గిరార్డిని నమ్ముకున్నాయి. విమాన తయారీ సంస్థ బోయింగ్ చెల్లించిన పరిహారంలో కనీసం 20 లక్షల డాలర్లు ఆ కుటుంబాలకు చేరలేదని 2020 డిసెంబరులో కోర్టులో బయటపడింది. 2022లో ఆయన సనదు రద్దయింది. ఇతర క్లయింట్ల సొమ్ము కాజేసిన కేసులో 2024లో దోషిగా తేలి, మరుసటి ఏడాది ఏడేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. అంతకన్నా కలవరపెట్టేది కాలిఫోర్నియాలో న్యాయవాదులను నియంత్రించే సంస్థ, స్టేట్ బార్, తానే వెల్లడించిన లెక్క: నాలుగు దశాబ్దాల్లో ఆయనపై 205 ఫిర్యాదులు వచ్చాయి. అన్నేళ్లూ జనానికి కనిపించే రికార్డులో ఆయనపై ఒక్క మచ్చా లేదు.

దీన్ని ఒక మనిషి దురాశగా సరిపెట్టుకుంటే అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది. స్టేట్ బార్‌లోని కొందరితో గిరార్డి సంబంధాలు పెంచుకుని, కానుకలిచ్చి తనపై విచారణలను ప్రభావితం చేశాడని ఆ సంస్థ చేయించిన దర్యాప్తే 2023లో చెప్పింది. మూసేసిన ఫైలు బయటివారి కంట పడదు కాబట్టే అది సాధ్యమైంది. స్టేట్ బార్ నుంచి వృత్తి సంఘం పనులను 2018లోనే వేరుచేశారు. దాని 13 మంది ట్రస్టీల్లో ఆరుగురు న్యాయవాదులు కానివారే. అయినా పాత ఫైళ్లు మూతపడే ఉండిపోయాయి. తోటి న్యాయవాది తీవ్రమైన తప్పు చేస్తే తెలిసినవారు ఫిర్యాదు చేసి తీరాలన్న నియమం అక్కడ 2023 ఆగస్టులో గానీ అమలుకు రాలేదు.

ఫిర్యాదులన్నీ బయటపెడితే ఓడిపోయిన క్లయింట్ల అక్కసుకు నిజాయితీపరులు బలవుతారన్న భయం న్యాయమైనదే. అందుకని ప్రతి ఫిర్యాదునూ ప్రచురించనక్కర్లేదు. ఒకే వ్యక్తిపై పదేపదే వస్తున్నప్పుడు, ముఖ్యంగా క్లయింట్ల డబ్బు విషయంలో, మూసేసిన ఫైళ్లను బయటివారు తిరిగి పరిశీలిస్తే చాలు. బయటివారు వస్తే సర్కారుపై వాదించే లాయర్ల గొంతు నొక్కుతారన్నది రెండో అభ్యంతరం. ఆ పరిశీలన ప్రభుత్వం చేతికి పోకుండా న్యాయస్థానం అజమాయిషీలో సాగితే వృత్తి స్వేచ్ఛకు వచ్చే ముప్పేమీ లేదు.

ఈ పాఠం మనకూ అవసరమే. 1961 నాటి న్యాయవాదుల చట్టం రాష్ట్ర బార్ కౌన్సిళ్లకు న్యాయవాదుల ప్రయోజనాలు కాపాడే పనినీ, వారి దుష్ప్రవర్తనపై విచారణ జరిపే పనినీ కలిపే అప్పగించింది. క్రమశిక్షణ సంఘంలోని ముగ్గురూ న్యాయవాదులే. కౌన్సిల్ సభ్యులను ఎన్నుకునేదీ న్యాయవాదులే. ఫిర్యాదులను ఏడాదిలో తేల్చాలని చట్టంలో ఉన్నా, 2021లో సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. న్యాయవాదుల సేవాలోపాలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024 మేలో అదే కోర్టు తేల్చాక, బార్ కౌన్సిళ్ల బాధ్యత ఇంకా పెరిగింది. క్రమశిక్షణ సంఘాల్లో న్యాయవాదులు కానివారికి చోటివ్వాలి. ఎన్ని ఫిర్యాదులొచ్చాయో, ఎన్ని తేల్చారో, ఎన్ని ఎందుకు మూశారో ఏటా ప్రకటించాలి. తమను తాము నియంత్రించుకునే హక్కును సమాజం న్యాయవాదులకు నమ్మి అప్పగించింది. దాని లెక్క అడిగే హక్కు ఆ సమాజానికి ఉంది.