ముప్పావు డాలరు లెక్క తేలేదాకా...

నెలాఖరున పాలకార్డూ, పచారీ పద్దూ ముందేసుకుని కూర్చుంటారు. పది రూపాయలు తేడా. “పోనిద్దూ, పది రూపాయలకింత రాద్ధాంతమా?” అంటారు శ్రీవారు. మీకు మాత్రం అది తేలేదాకా నిద్రపట్టదు. అవునా, కాదా? అయితే క్లిఫర్డ్ స్టోల్ మీకు నచ్చి తీరతాడు.

ఈ అమెరికా ఆయన చదివింది ఖగోళశాస్త్రం. టెలిస్కోపు అద్దాల పని చూసేవాడు. 1986లో ఆ పనికి డబ్బు అయిపోతే, కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ లేబరేటరీ వాళ్లు ఇంటికి పంపకుండా కంప్యూటర్ విభాగంలో వేశారు. కంప్యూటర్ కాపలా ఆయన కోరి ఎంచుకున్న ఉద్యోగం కాదన్నమాట!

ఆ రోజుల్లో కంప్యూటర్ వాడినంతసేపటికీ బిల్లు పడేది, ఒకప్పటి ఎస్.టి.డి. బూత్ మీటరులాగా. చేరీ చేరగానే ఆయనకి చూపించిన లెక్కలో 75 సెంట్లు తేడా. ఆనాటి మన డబ్బులో తొమ్మిదో పదో రూపాయలు! తవ్వి చూస్తే, ఎవరో అపరిచితుడు తొమ్మిది సెకన్లు వాడుకుని బిల్లు కట్టకుండా పోయాడని తేలింది.

ఇంకొకరైతే ఆ ముప్పావు డాలరు జేబులోంచి కట్టేసి ఊరుకునేవారు. ఈయన ఆఫీసులో యాభై దాకా ప్రింటర్లూ, టెర్మినళ్లూ పోగేసి ఫోన్ లైన్లకి తగిలించి, బల్లకింద పడుకున్నాడు. దొంగ కొట్టే ప్రతి అక్షరం కాగితం మీదకి వచ్చేది. రోజూ డైరీ రాసుకున్నాడు. వాడు ఈ లేబరేటరీని గుమ్మంగా చేసుకుని సైన్యం కంప్యూటర్లలోకి దూరుతున్నాడు! ఎలాగంటారా? చాలాచోట్ల కంపెనీ వాళ్లిచ్చిన పాస్‌వర్డే మార్చకుండా ఉంచేశారు. ఇంటికి తాళం వేసి, చెవి గుమ్మం ముందు పట్టా కింద పెట్టినట్టు. (మీ ఫోన్‌కీ, ఇంట్లో వై-ఫైకీ మొదట ఇచ్చిన పాస్‌వర్డే ఉందేమో, ఓసారి చూసుకోండి.)

పోలీసు పెద్దలకి చెబితే, ముప్పావు డాలరుకి కేసేమిటన్నారు. పైగా దొంగ లైన్లో కొద్దిసేపే ఉండేవాడు. ఫోన్ తీగ వెంట వెనక్కి వెళ్లి పట్టుకోవాలంటే ఎక్కువసేపు ఉండాలి. ఉపాయం చెప్పింది ఆయన స్నేహితురాలు మార్తా. రక్షణశాఖ రహస్యాల్లా కనిపించే దొంగ ఫైళ్లు బోలెడు రాసి ఎరగా పెట్టమంది. 1987 జనవరిలో వాడు వాటిని తీరిగ్గా చదువుతూ కూర్చున్నాడు. జాడ జర్మనీలోని హానోవర్ దాకా వెళ్లింది. మార్కస్ హెస్ అనే కుర్రాడు. స్నేహితులతో కలిసి ఆ సమాచారం సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి అమ్ముతున్నాడు! 1990లో శిక్ష పడింది గానీ, అది సస్పెండెడ్ శిక్షే.

ఇదంతా స్టోల్ 1989లో ‘ద కుకూస్ ఎగ్’ అనే పుస్తకంగా రాశాడు. సెక్యూరిటీ ఉద్యోగాల్లో చేరేవాళ్లకి పెద్దలు ఈనాటికీ చదవమని చెప్పే పుస్తకం. అందులో చాక్లెట్ చిప్ బిస్కెట్లు చేసే విధానం కూడా ఉంది, చూశారూ!

అన్నట్టు, అన్నీ ఆయన అంచనా ప్రకారమే జరగలేదు. ఇంటర్నెట్‌లో కొనుగోళ్లు నడుస్తాయంటే నమ్మనని 1995లో రాశాడు. ఆ తర్వాత తప్పేనని ఒప్పుకున్నాడనుకోండి. పైగా ‘క్లైన్ బాటిల్’ అనే లోపలా బయటా తేడాలేని వింత గాజు సీసాలు ఇంటర్నెట్‌లోనే అమ్మాడు. ఆ సీసాల పెట్టెలు ఇంటి నేలకింద ఇరుకు ఖాళీలో పేర్చి, తీసి అందించడానికి చిన్న రోబో బండిని సొంతంగా తయారుచేసుకున్నాడు.