మీకు తెలుసా? జలుబు బిళ్ళ వేసుకుని బండెక్కితే...

మెడికల్ షాపులో ‘జలుబుకి ఏదైనా ఇవ్వండి’ అంటే చేతికొచ్చే బిళ్ళల్లో చాలావాటిలో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. తుమ్ములు తెప్పించే హిస్టమిన్‌ను అది అడ్డుకుంటుంది. అయితే మెదడును మెలకువగా ఉంచడంలోనూ ఆ హిస్టమిన్‌కే పెద్ద పాత్ర ఉంది. మందు మెదడులోకీ చేరుతుంది కనక ముక్కు కారడంతో పాటు చురుకుదనమూ తగ్గుతుంది.

ఎంత తగ్గుతుంది? అమెరికాలోని అయోవాలో 40 మందిని డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి పరీక్షించారు. ఫలితాలు 2000లో అచ్చయ్యాయి. ఇదే కోవకు చెందిన డైఫెన్‌హైడ్రమిన్ 50 మిల్లీగ్రాములు వేసుకున్నప్పుడు వాళ్ల డ్రైవింగ్ మద్యం తాగినప్పటికన్నా అధ్వానంగా ఉంది. ఆ మద్యమూ కాస్తంత కాదు, 100 మిల్లీలీటర్ల రక్తంలో దాదాపు 100 మిల్లీగ్రాములు చేరేంత. మన దేశంలో 30 దాటితేనే నేరం!

నన్ను ఎక్కువ భయపెట్టింది మరొకటి. ‘నిద్రొస్తోందా?’ అని అడిగితే వాళ్లు చెప్పిన జవాబుకూ, నడిపిన తీరుకూ పొంతన కుదరలేదు. ‘నాకేం మత్తుగా లేదు, నేను నడపగలను’ అన్న మాటను నమ్మలేమన్నమాట. మెదడులోకి అంతగా చేరని ఫెక్సోఫెనడిన్ వేసుకున్నప్పుడు మాత్రం, మందే లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నప్పటిలాగే నడిపారు. జలుబూ అలర్జీ మందులన్నీ ఒకటి కావు.

రాత్రి వేసుకున్న మాత్ర రాత్రితోనే పోతుందనీ అనుకోవద్దు. నిద్రమాత్ర జోల్పిడెమ్ ఆడవాళ్ల ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది. పొద్దున బండి నడిపే వేళకీ రక్తంలో మిగిలి ఉంటోందని 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వాళ్లకు సిఫారసు చేసే మోతాదును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించింది. షుగరు మందులది వేరే దారి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వేసుకుని అన్నం ఆలస్యం చేస్తే షుగరు పడిపోయి, స్టీరింగ్ ముందే కళ్లు తిరగొచ్చు.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ మద్యంతో పాటు, బండి అదుపు తప్పేంతగా మత్తు కలిగించే మందులకూ వర్తిస్తుంది. కానీ రోడ్డు మీద పోలీసులు ఊదించే యంత్రం మద్యాన్నే పసిగడుతుంది, మాత్రను కాదు. ఫ్రాన్స్‌లో ఇలాంటి మందుల పెట్టెలపై పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో కారు బొమ్మ వేస్తారు. ఎరుపుంటే నడపొద్దని. మన పెట్టెల మీదా అలాంటి బొమ్మ ఉండాలని నా గట్టి కోరిక. అందాకా, షాపులో ‘నేను బండి నడపాలండీ’ అని ముందే చెప్పండి. ఫిట్స్‌కో, మానసిక సమస్యకో డాక్టరు రాసిన మందునైతే సొంతంగా ఆపొద్దు. ఈ మాట డాక్టరునే అడగండి.