మీ పేరు లేని పార్సిల్ మీ గదికొస్తే...

మొన్నామధ్య ఒక శుక్రవారం మధ్యాహ్నం దుబాయ్‌లో మనవాళ్లుండే బెడ్ స్పేస్ గది నుంచి నాకు ఫోనొచ్చింది. "అన్నా, పొద్దున ఒకతను పార్సిల్ చేతిలో పెట్టి హడావిడిగా వెళ్లిపోయాడు. మాలో ఎవరో ఆర్డర్ పెట్టారనుకుని విప్పేశాం. లోపల కొత్త మొబైల్ ఉంది. పేరు చూస్తే మాది కాదు. మేం అడగలేదు, దొంగతనం చేయలేదు. ఉంచుకుంటే తప్పా?"

తప్పే. ఎందుకో మీకూ తెలియాలి. ఇలాంటిది రేపు మీ తలుపు దగ్గరికీ రావచ్చు.

ఇక్కడ పార్సిల్ ఎక్కువగా ఫోన్ నంబరు, మ్యాప్‌లో పెట్టిన లొకేషన్ పట్టుకుని వస్తుంది. లొకేషన్ కాస్త పక్కకు జరిగితే పక్క బిల్డింగుకు పోతుంది. మీకంటే ముందు ఆ బెడ్‌లో ఉన్నాయన గది మారి, యాప్‌లో పాత అడ్రసే ఉంచేసినా మీ దగ్గరికే వస్తుంది. ఒకే క్యాంపులో ఇద్దరు శ్రీనివాస్‌లుంటే ఇక చెప్పనే అక్కర్లేదు.

యూఏఈ నేరాలు, శిక్షల చట్టం (2021 నాటి 31వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం) 454వ ఆర్టికల్ దీని గురించే చెబుతుంది. పొరపాటున చేతికొచ్చిన వస్తువు పరాయిదని తెలిసీ సొంతం చేసుకుంటే రెండేళ్ల వరకు జైలు, లేదా 20,000 దిర్హాములకు తగ్గని జరిమానా పడొచ్చు. నెలకు 1,200 దిర్హాములొచ్చే మనిషికి అది పదహారు నెలల జీతం కంటే ఎక్కువ. "వాళ్లే తెచ్చిచ్చారు" అన్న మాట అక్కడ పనిచేయదు. పరాయిదని తెలిశాక ఉంచుకోవడమే నేరం. మీ బ్యాంకు ఖాతాలో పొరపాటున పడిన డబ్బుకూ ఇదే వర్తిస్తుంది. ఖర్చుపెట్టకండి, వెంటనే బ్యాంకుకు చెప్పండి.

ఇంకో మనిషి సంగతీ ఆలోచించండి. ఆ పార్సిల్ తెచ్చినవాడు కూడా మనలాంటి కూలీనే. వస్తువు దొరక్కపోతే కంపెనీ ముందు చూసేది అతని జీతం వైపే.

మరి ఏం చేయాలి?

డబ్బా తీసుకునే ముందే పేరు, నంబరు చూడండి. మీది కాకపోతే తీసుకోవద్దు, సంతకం పెట్టొద్దు, ఓటీపీ చెప్పొద్దు.

తీసుకున్నాక తెలిస్తే విప్పకండి. విప్పేసి ఉంటే అక్కడితో ఆపండి. మొబైలైతే సిమ్ వేయొద్దు. లేబులు కనిపించేలా ఫొటో తీసి పెట్టుకోండి.

కొరియర్ కంపెనీ నంబరు వాళ్ల యాప్‌లోనో, వెబ్‌సైటులోనో చూసి అదే రోజు ఫోన్ చేయండి. ట్రాకింగ్ నంబరు చెప్పి, వచ్చి తీసుకెళ్లమనండి. పొరపాటు మీది కాదు కాబట్టి తిరిగి పంపే ఖర్చు మీరు పెట్టుకోవద్దు. వాట్సాప్‌లో ఒక మెసేజీ కూడా పెట్టండి, సాక్ష్యంగా ఉంటుంది.

"మీ దగ్గరికి మా పార్సిల్ వచ్చింది" అంటూ ఎవరో ఫోన్ చేసి వస్తే వెంటనే ఇచ్చేయకండి. దొంగ కార్డుతో వస్తువు ఆర్డర్ పెట్టి, మీ అడ్రసుకు పంపి, తర్వాత కొరియర్ మనిషిలా వచ్చి పట్టుకుపోయే మోసగాళ్లున్నారు. కంపెనీకి ఫోన్ చేసి రూఢి చేసుకున్నాకే ఇవ్వండి. ఇచ్చినట్టు రాయించుకోండి. ఎమిరేట్స్ ఐడీ కాపీ, ఓటీపీ అడిగితే ఇవ్వొద్దు.

కంపెనీ పట్టించుకోకపోతే వస్తువును దగ్గరలోని పోలీస్ స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకోండి. ఎలా అప్పగించాలో దుబాయ్‌లో 901కి ఫోన్ చేసి అడగవచ్చు. క్యాంపులో ఉంటే క్యాంప్ బాస్‌కు చెప్పండి. కానీ రాతలో ఏమీ లేకుండా వస్తువు అతని చేతిలో పెట్టొద్దు.

డెలివరీ పనిలో ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. పార్సిల్ తప్పు చోట ఇచ్చారని కంపెనీ ఇష్టమొచ్చినట్టు జీతం కోయడానికి లేదు. కార్మిక చట్టం (2021 నాటి 33వ నంబరు) 25వ ఆర్టికల్ ప్రకారం మీ తప్పు వల్ల జరిగిన నష్టానికి కోత పెట్టాలన్నా మీ రాతపూర్వక ఒప్పుకోలు ఉండాలి. అన్ని రకాల కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు. అందుకే ఖాళీ కాగితం మీద, చదవలేని అరబిక్ కాగితం మీద సంతకం పెట్టకండి. అన్యాయంగా కోస్తే కార్మిక మంత్రిత్వ శాఖకు 600590000లో ఫిర్యాదు చేయండి. సలహా కోసం మన భారతీయుల సహాయ కేంద్రం, 800 46342, డబ్బులు పడవు.

ఆ శుక్రవారం రాత్రి పదకొండింటికి డెలివరీ అతనే వచ్చి మొబైల్ తీసుకెళ్లాడు. నేపాల్ కుర్రాడు. "జీతంలో కోస్తామని మధ్యాహ్నమే చెప్పారు" అన్నాడట. మనవాళ్లు టీ తాగి వెళ్లమంటే, ఇంకా నాలుగు పార్సిళ్లున్నాయంటూ మెట్లు దిగాడు.