సాత్మ్యమెరుగని పథ్యం

హఫీజ్‌పేట్ రైల్వే స్టేషనుకు చేరువలోని మా వైద్యశాలకు ఇటీవల ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి వచ్చాడు. అరికాళ్ళలో తిమ్మిర్లు, మెట్లెక్కితే ఆయాసం, పాలిపోయిన ముఖం. మూడేండ్లుగా మాంసం, గుడ్లే గాక పాలు, పెరుగు, నెయ్యి, తేనె సైతం విడిచిపెట్టాడట. దీనినే వీగన్ ఆహారమంటారు. ఆ పేరు 1944లో ఇంగ్లండులో పుట్టింది. ప్రాణిహింస కూడదన్న భావన దానికి మూలం. ఆ భావనను నేను గౌరవిస్తాను.

కాని ఆ యువకుడు చెప్పిన కారణం వేరు. "మాంసం తామసమనీ, శాస్త్రాలు వద్దన్నాయనీ తోటివాళ్ళు అంటారండీ. అద్దె ఇల్లు చూడబోతే మొదటి ప్రశ్న అదే. ఇప్పుడు ఊరికి వెళితే అమ్మ వండే తలకాయ కూర వాసనకే సిగ్గనిపిస్తోంది" అన్నాడు.

శాస్త్రం పేరెత్తారు గనుక శాస్త్రమేమన్నదో చెప్పవలసిన బాధ్యత వైద్యునిది. చరకసంహిత సూత్రస్థానం 27వ అధ్యాయంలో మాంసవర్గమనే ప్రకరణమే ఉన్నది. మేక, కోడి, చేప మొదలుకొని గోమాంసం వరకు గుణాలు వివరించారు. గోమాంసం వాతరోగాలలో, పొడిదగ్గులో, కండ క్షీణించినపుడు హితమన్నారు. (జన్మతః శాకాహారులమైన మేము గురుకులంలో ఆ శ్లోకం వల్లించేటపుడు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారం. గురువుగారు మాత్రం ఒక్క పాదమూ దాటవేయనివ్వలేదు.)

2014 నాటి కేంద్రప్రభుత్వ నమూనా సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏండ్లు, ఆపై వయసువారిలో 98 శాతానికి పైగా మాంసాహారులే. 'మన సంప్రదాయం శాకాహారం' అనేవారు కొద్ది కులాల వంటింటిని జాతి యావత్తుకూ వంటిల్లుగా చూపుతున్నారు. ఆ కొద్ది కులాలలో మాదీ ఒకటి. అమెరికాలో ఏ. బ్రీజ్ హార్పర్ సంపాదకత్వాన 2010లో వెలువడిన 'సిస్టా వీగన్' సంకలనంలో, వీగన్ మార్గం పట్టిన నల్లజాతి స్త్రీలు ఇటువంటి ప్రశ్ననే లేవనెత్తారు: తెల్లవారి అనుభవమే అందరి అనుభవంగా ఎందుకు చెల్లాలని.

ఆయుర్వేదంలో దీనికి 'సాత్మ్యం' అనే మాట ఉన్నది. చిరకాల అభ్యాసం చేత దేహానికి ఇమిడిపోయినది సాత్మ్యం. చికిత్సాస్థానం 30వ అధ్యాయంలో ఏ దేశంవారికి ఏది సాత్మ్యమో చెప్పారు. తూర్పువారికి చేపలు, సింధుదేశీయులకు పాలు, యవన, శక, చీనులకు మాంసం, గోధుమలు, మలయవాసులకు దుంపలు, పండ్లు, దక్షిణాదివారికి పేయ, అనగా జావ. అశ్మకులకు నూనె, పులుపు. గోదావరీతీరపు అశ్మకానికి రాజధాని నేటి బోధన్ అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. మన పుంటికూర, పచ్చిపులుసు నాకు అక్కడే కనిపిస్తాయి! ఇందులో ఒకరి కూడు ఉత్తమమనీ, మరొకరిది అధమమనీ లేదు. ఎవరి సాత్మ్యమెరిగి వారికి ఔషధమీయమన్నారు.

అలవాటైనదానిని ఒక్కసారిగా గాక అంచెలంచెలుగా విడువాలని సూత్రస్థానం 7వ అధ్యాయం చెబుతున్నది. ఇతడు ఒక్క వారంలో అన్నీ మానివేశాడు.

రక్తపరీక్ష చేయిస్తే అనుకున్నదే అయింది. బీ12 విటమిను బాగా తక్కువగా ఉన్నది. ఇది మొక్కల ఆహారంలో నమ్మదగినంతగా లభించదు. మాంసం, చేపలు, గుడ్లు, పాలలో ఉంటుంది. ఈ లోటు తీర్చే మూలికను నేనెరుగను. సూదిమందు కోసం ఆధునిక వైద్యుని వద్దకు పంపాను. తిమ్మిర్లను అశ్రద్ధ చేస్తే నరాలకు శాశ్వత నష్టం కలుగవచ్చు. వీగన్‌గా ఉండదలచినవారు బీ12 మాత్రను వైద్యుని సలహాతో నిత్యం వాడవలసిందే.

"నాయనా, జీవుల మీది దయతో మానితే నీ ఇష్టం. అమ్మ వంటకు సిగ్గుపడి మాత్రం మానకు" అన్నాను. కాసేపు ఆలోచించి, పాలూ మాంసమూ ఇక ముట్టనన్నాడు; ఆ దూడలను తలచుకుంటే మనసొప్పదట. సరేనన్నాను. ఖరీదైన బాదంపాల డబ్బాల బదులు రాగి అంబలి తాగమన్నాను; 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. జొన్నరొట్టె, నువ్వులు, పల్లీలు వేసిన సర్వపిండి, పుంటికూర పప్పు రాసిచ్చాను. చీటీ చదివి, "ఇవన్నీ అమ్మకు వచ్చునండీ" అన్నాడు. మూడు నెలల తరువాత రక్తపరీక్ష మరల చేయించుకొని రమ్మన్నాను.