పాత త్రీ నాట్ త్రీ కొంటారా?

ఈ మధ్య సెరంగూన్ రోడ్డులో కూరలు కొంటూ కలిసిన ఒక మిత్రుడు, టెక్సాస్‌లో ఉన్న తన బావమరిది ఇషాపూర్ ముద్ర ఉన్న పాత మిలటరీ రైఫిలు ఒకటి కొన్నాడని చెప్పారు. సెలవుల్లో వెళ్ళినప్పుడు తనూ ఒకటి తెచ్చి హాల్లో గోడకు తగిలించవచ్చునా అని అడిగారు. డాక్టరును అడగవలసిన ప్రశ్నేనా అంటే, అవుననే నా ఉద్దేశం.

మనం త్రీ నాట్ త్రీ అనే లీ ఎన్‌ఫీల్డ్ 1895లో బ్రిటిష్ సైన్యంలోకి వచ్చింది. ఒక్కొక్క తూటాకూ బోల్టును చేత్తో ఎత్తి, వెనక్కు లాగి, ముందుకు తోయాలి. బరువు సుమారు 4 కిలోలు. ఎన్‌సీసీలో కవాతు చేసినవారి భుజాలకు ఆ బరువు ఇంకా గుర్తుండే ఉంటుంది. 1962లో చైనావారి ఆటోమేటిక్ తుపాకులకు ఎదురుగా మన జవాన్ల చేతుల్లో ఉన్నవి ఇవే. ఉత్తరప్రదేశ్ పోలీసులైతే 2020 దాకా వీటిని వదలలేదు!

మన పేటకూ దీనితో చుట్టరికం ఉంది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరులో లొంగిపోయిన బ్రిటిష్ సైన్యం ఆయుధాలలో కొన్ని ఆజాద్ హింద్ ఫౌజుకు చేరాయి. సెరంగూన్ రోడ్డునుంచి నడిచివెళ్ళే దూరంలోని వాటర్లూ వీధి శిబిరంలో, 1943 అక్టోబరునుంచి ఝాన్సీరాణి రెజిమెంటు ఆడపిల్లలు శిక్షణ పొందింది ఇలాంటి రైఫిళ్ళతోనే. వారిలో చాలామంది మలయా రబ్బరు తోటలనుంచి వచ్చినవారు.

ఇక కొనే సంగతి. సింగపూరులో మాట ఒక్కటే: వద్దు. 1973 నాటి ఆయుధ నేరాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా తుపాకీ గాని, తూటా గాని దగ్గరుంటే 5 నుంచి 10 ఏళ్ళ జైలు, తక్కువలో తక్కువ 6 బెత్తం దెబ్బలు. (ఆడవారికీ, యాభై దాటిన మగవారికీ దెబ్బలు లేవు, జైలు ఉంది.) గురి మీద సరదా ఉంటే షూటింగ్ క్లబ్బులో చేరవచ్చు, కాని తుపాకీ ఉండేది అక్కడి ఆయుధాగారంలోనే. కాల్చిన ఖాళీ తూటానైనా జ్ఞాపకంగా జేబులో వేసుకు రాకండి. నేషనల్ సర్వీసు చేసిన మన కుర్రవాళ్ళను అడగండి, రేంజినుంచి వచ్చేముందు ఏం ప్రకటించాలో చెబుతారు.

ఇండియాలో .303 నిషిద్ధ బోరు. మామూలు లైసెన్సు మీద దొరికేది .315.

అమెరికా దారి వేరు. 1963లో కెనెడీని చంపిన రైఫిలు ఇటలీ సైన్యపు పాత సరుకు, బోల్టు రకమే. దుర్బీనుతో సహా 20 డాలర్ల లోపు, పోస్టులో వచ్చింది! 1968 చట్టం మామూలు జనానికి ఆ సదుపాయం తీసివేసింది. ఫెడరల్ చట్టం ప్రకారం గ్రీన్‌కార్డు ఉన్నవారు కొనవచ్చు. హెచ్-1 వంటి వీసాలవారికి వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప దగ్గర ఉంచుకోవడమే నేరం. మన బంధువులలో ఎందరు ఇది చూసుకుంటున్నారో!

అక్కడ కొనేవారు కర్ర మీది పాలిష్ చూసి మురిసిపోవద్దు. బోల్టు మీది నంబరూ, రైఫిలు మీది నంబరూ ఒకటేనా చూడండి. వేరైతే తూటా కూర్చునే చోట సందు పెరిగి, పేల్చినప్పుడు తూటా లోపలే చిట్లవచ్చు. గేజితో కొలిపించందే కాల్చరాదు. ‘డీపీ’ అని ముద్ర ఉంటే అది కవాతుకే. ఇషాపూర్ 2ఎ, 2ఎ1 రకాలకు .303 తూటా పనికిరాదు, అవి 7.62 మిల్లీమీటర్లవి.

చెవులకు రక్షణ లేకుండా ఒక్కసారి పేల్చినా లోచెవి కణాలు దెబ్బతినవచ్చు. చచ్చినవి మళ్ళీ మొలవవు. అసలు భయం అది కాదు. ఆత్మహత్యకు మాత్రలు మింగినవారిలో చాలామందిని మేము బతికించగలం. తుపాకీ వాడినవారు ఆస్పత్రిదాకా రావడమే అరుదు. ఆ తలపు పుట్టి పనిదాకా పోవడానికి ఒక్కోసారి కొద్ది నిమిషాలు చాలు. పరీక్ష తప్పిన కుర్రవాడూ, ఉద్యోగం పోయిన తండ్రీ లేని ఇల్లేది? ఈ రైఫిలు బోల్టు ఊడదీయడం అరనిమిషం పని. బోల్టు ఒక పెట్టెలో, తూటాలు వేరొక పెట్టెలో పెట్టి, రెంటికీ వేర్వేరు తాళాలు వేసి, తాళంచెవులు పిల్లలకు తెలియని చోట ఉంచాలి.