అన్నం చేసిన నేరమేమిటి?

తణుకులో ఓ పెళ్లి బంతి. అరిటాకు ముందు కూర్చున్న పెద్దాయన దగ్గరికి అన్నం గిన్నెతో వచ్చాడో కుర్రాడు.

'బాబాయ్‌గారూ, వేడివేడిగా ఉందండి, ఓ గరిటె వేసేదా?'

'వద్దురా అబ్బాయ్. అన్నం మానేసి నెలైంది. షుగరు!'

పక్కాయన వేపుడు వంక కన్నెత్తి చూడటం లేదు. ఆ పక్కావిడ మాత్రం నెయ్యి గిన్నె ఇటు తెమ్మంటోంది... లావు తగ్గాలంటే నెయ్యి తాగాలని ఏదో వీడియోలో విన్నదట. చివర్లో కూర్చున్న ఇంటరమ్మాయి ఆకులో నాలుగు దోసకాయ ముక్కలే ఉన్నాయి. పేర్లు మారతాయేమో కానీ, ఈమధ్య గోదావరి జిల్లాల్లో ఏ బంతిలో చూసినా కనిపించే దృశ్యమే ఇది.

చుట్టూ వరిచేలు, 1947లో ఆంధ్రా షుగర్స్ మొదలైన ఊరు. గోదావరి దాటితే పూతరేకుల ఆత్రేయపురం, కాజాల తాపేశ్వరం. అలాంటి చోట ఇప్పుడు ఆకు ముందు కూర్చుంటే ఆకలికన్నా ముందు అనుమానం వస్తోంది. ఒకరు వద్దన్నది ఇంకొకరు తినమంటున్నారు. ఇంతకీ ఎవరి మాట నమ్మాలి?

బియ్యమా... మిల్లా?

అన్నం మీద నేరం మోపడం కొత్తేమీ కాదు. నూరేళ్ల కిందట కోస్తా జిల్లాల్ని బెరిబెరి పీడించేది. కాళ్లు తిమ్మిర్లెక్కేవి, ఒంటికి నీరు పట్టేది, ముదిరితే గుండే ఆగిపోయేది. అన్నం ప్రధానంగా తినేవాళ్లకే ఆ జబ్బు వచ్చేది. అయినా పరిశోధనలు జరిగాక తేలింది వేరు. తప్పు బియ్యానిది కాదు, తెల్లగా మెరవాలని తవుడంతా తీసేయడానిది. తవుడుతోపాటే బి1 విటమిన్ కూడా పోతోంది. అందుకే దంపుడు బియ్యం, ఉప్పుడు బియ్యం తినేవాళ్లకు ఆ బాధ తక్కువ.

ఆ బెరిబెరి పరిశోధన కోసమే 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఓ చిన్న ప్రయోగశాల ప్రారంభించారు. అది 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. మన పప్పుల్లో, ఆకుకూరల్లో, చేపల్లో ఏముందో కొలిచి, 528 రకాల ఆహారపదార్థాల వివరాలతో 2017లో పట్టికలు వెలువరించింది కూడా ఈ సంస్థే.

స్వర్ణకు మార్కులు

తణుకుకు దగ్గర్లోని మార్టేరు వరి పరిశోధన స్థానం 1982లో అందించిన వంగడం స్వర్ణ. తిన్నది రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే కొలతను గ్లైసీమిక్ ఇండెక్స్ అంటారు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 235 బియ్యం రకాలను పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించింది. కొన్నింటికి 48 వస్తే కొన్నింటికి 92 వచ్చింది. స్వర్ణ తక్కువ ఇండెక్స్ ఉన్న రకాల్లో నిలిచింది! అలాగని స్వర్ణ బియ్యమే కదా అని మూడుసార్లు మారువడ్డన చేయించుకుంటే చక్కెర పెరగక మానదు. రకం ఎంత ముఖ్యమో, మోతాదూ అంతే ముఖ్యం.

కంచంలో ఎంత?

ఆ మోతాదుకూ లెక్క ఉంది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2,000 కేలరీలు అవసరమయ్యేవారికి ధాన్యాలు 250 గ్రాములు చాలు. ఇది వండకముందు బరువు. కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100, పప్పులూ మాంసాహారం కలిపి 85, గింజలు 35, నూనెలు 27 గ్రాములు. పాలూ పెరుగూ 300 మిల్లీలీటర్లు. ఇందులో అన్నాన్ని ఎవరూ వెలివేయలేదు. కాకపోతే మన కంచంలో కొండంత అన్నం, గోరంత కూర ఉంటాయి. ఆ వరసే మారాలి.

మాత్రలతో ఆటలొద్దు

గింజధాన్యాలు బాగా తగ్గిస్తే కొందరిలో చక్కెర తగ్గుతుందన్నది నిజమే. చిక్కంతా అక్కడే ఉంది. ఇన్సులిన్‌నో, కొన్నిరకాల మాత్రల్నో పాత మోతాదులోనే వాడుతూ ఒక్కసారిగా అన్నం మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, చివరికి స్పృహ తప్పడం... 'తగ్గిపోయింది కదా' అని మందులు మానేయడం ఇంకో ప్రమాదం. ఏ మార్పైనా వైద్యుడికి చెప్పి, ఆయన మోతాదు సరిచేశాకే.

తిండితో తగువెందుకు?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతానికి రక్తహీనత. 36.3 శాతం అధిక బరువుతో ఉన్నారు. కడుపు నిండినా ఒంటికి పట్టాల్సింది పట్టడం లేదన్నమాట.

దీనికి మందు చాలావరకు పెరట్లోనే ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1945లో అమెరికాలో కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ యాసిడ్, రక్తం పట్టడానికి కావాల్సిన విటమిన్. అది తోటకూర, పాలకూరల్లో సహజంగానే దొరుకుతుంది. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం కాగానే టీ తాగితే అందులో కొంత అందకుండా పోతుంది.

'లావయ్యావే' అన్న ఒక్క మాటకు ఆడపిల్ల రాత్రి భోజనం మానేస్తుంది. అందరికీ వడ్డించి, మిగిలిన చారన్నంతో సరిపెట్టుకుంటుంది అమ్మ. పండక్కి కాజా తిని, రెండ్రోజులు పస్తుండి 'శిక్ష' వేసుకుంటారు మరొకరు. ఈ మూడూ తిండితో తగువులే. పిల్లల బరువు గురించి పదిమందిలో మాట్లాడకపోవడం, అమ్మ కూడా అందరితోపాటే కూర్చుని తినడం... ఏ డైట్ చార్టూ రాయని మంచి పథ్యాలివి. తిండి పేరెత్తితేనే భయపడుతున్నా, దాచుకుని తింటున్నా, తిన్నది కక్కేస్తున్నా మందలించకండి. వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

నమ్మే ముందు అడగండి

* చెప్పేవారి చదువేమిటి? బోర్డు మీద న్యూట్రిషనిస్ట్ అని ఉంటే సరిపోదు. డిగ్రీ, ఆసుపత్రి అనుభవం, రిజిస్టర్డ్ డైటీషియన్ గుర్తింపు ఉన్నాయేమో కనుక్కోండి.
* సలహా చివర్లో డబ్బా, పొడి ఏమైనా అమ్ముతున్నారా?
* మీ వయసు, జబ్బులు, వాడే మందులు అడిగారా? అడక్కుండానే అందరికీ ఒకే చీటీ రాస్తున్నారా?
* మందులు మానేయమంటున్నారా? ఇన్ని రోజుల్లో ఇన్ని కిలోలు ఖాయమంటున్నారా? అయితే దణ్ణం పెట్టి వచ్చేయండి.

ఇక ఆ పెళ్లి బంతి దగ్గరికొస్తే... వైద్యుణ్ని అడిగి లెక్క తెలుసుకున్నాక, ఆ పెద్దాయన కుర్రాణ్ని మళ్లీ పిలవచ్చు. 'ఒరే అబ్బాయ్, సగం గరిటె అన్నం వెయ్యి. ఆ తోటకూర పప్పు మాత్రం రెండు గరిటెలు!'